పడవ యంత్రములలో కార్బ్యురేటర్ జెట్ల సర్దుబాటు

పడవ యంత్రములలో కార్బ్యురేటర్ జెట్ల సర్దుబాటు అనగా పెట్రోలు లేక కిరోసినుతో నడచు పడవ ఇంజనుకు చేరే గాలి, ఇంధనముల పాళ్ళు సరిగా ఉండునట్లు కార్బ్యురేటరులోని సన్నని రంధ్రపు బిళ్ళలను ఎంచుకొనుట, వాటికి సంబంధించిన మరలను సరిచేయుట. ఈ రంధ్రపు బిళ్ళలనే జెట్లు అందురు. ఇవి సాధారణముగా ఇత్తడితో చేయబడి, గోరు కంటె చిన్నవిగా ఉండును. మెకానిక్కులు ఈ పనిని క్లుప్తముగా ‘ట్యూనింగ్’ అని పిలుతురు.

పడవ వెనుక అంచుకు బిగించే అవుట్‌బోర్డు మోటార్లలో ఈ పనికి ప్రాధాన్యము ఎక్కువ. రోడ్డు మీది వాహనములో మిశ్రమము కొద్దిగా తప్పితే మైలేజీ తగ్గును, లేదా బండి నెమ్మదించును. నీటి మీద అదే తప్పు పిస్టను కరగుటకు, ఇంజను బిగిసిపోవుటకు, పడవ తీరమునకు దూరముగా చిక్కుకొనుటకు దారి తీయవచ్చును. అందువలన జెట్టు మార్చుట ఈ పనిలో మొదటి మెట్టు కాదు, చివరి మెట్టు. దాని కారణములు ఈ వ్యాసములో వివరింపబడినవి.

కార్బ్యురేటరు పనిచేయు విధము

పూర్వము ఇండ్లలో దోమల మందు చల్లుటకు వాడిన ఫ్లిట్ పంపును చూచినవారికి కార్బ్యురేటరు సగము అర్థమైనట్లే. పంపు నుండి వేగముగా వచ్చు గాలి ఒక సన్నని గొట్టపు మూతి మీదుగా పోవునపుడు అక్కడ ఒత్తిడి తగ్గి, డబ్బాలోని మందు పైకి లేచి తుంపరగా మారును. కార్బ్యురేటరులో గాలిని నెట్టుటకు పంపు లేదు. పిస్టను కదలిక వలన ఇంజనే గాలిని లోనికి పీల్చుకొనును. ఆ గాలి నడుమ ఇరుకైన గొట్టము గుండా పోవును. ఇరుకు భాగములో గాలి వేగము పెరిగి ఒత్తిడి తగ్గును. దీనిని 1797లో ప్రచురించిన ఇటలీ శాస్త్రవేత్త జియోవన్నీ బాటిస్టా వెంచురి పేరు మీదుగా ఆ గొట్టమును వెంచురి అందురు. దీని వెనుకనున్న సూత్రము పాఠ్యపుస్తకములలోని బెర్నూలీ సూత్రమే.

వెంచురి క్రింద ఒక చిన్న గిన్నె ఉండును. అందులోని ఫ్లోటు, పైనీటి తొట్టెలోని బంతి కవాటము వలె, ఇంధనమును ఎల్లప్పుడు ఒకే మట్టములో నిలుపును. గిన్నెలోని ఇంధనము మీద బయటి గాలి ఒత్తిడి ఉండును, వెంచురిలో అంతకంటె తక్కువ ఒత్తిడి ఉండును. ఈ రెండింటి తేడాయే ఇంధనమును పైకి ఎక్కించును. ఎంత ఎక్కవలెనో నిర్ణయించునది జెట్టు.

జెట్ల రకములు, అంకెలు

అవుట్‌బోర్డు కార్బ్యురేటర్లలో సాధారణముగా రెండు ఇంధన మార్గములు కలవు. థ్రాటిల్ దాదాపు మూసి ఉన్నపుడు ఇంధనమును ఇచ్చునది పైలట్ జెట్టు. దీనినే స్లో జెట్టు లేక ఐడిల్ జెట్టు అనియు అందురు. థ్రాటిల్ సగము దాటినది మొదలు పూర్తిగా తెరచువరకు ప్రధానముగా పనిచేయునది మెయిన్ జెట్టు. నడిమి వేగములలో రెండును కలిసి పనిచేయును. ఇవి గాక ఇంధనములో గాలి బుడగలను కలుపు ఎయిర్ జెట్లు, పక్కన సన్నని రంధ్రములు గల నిలువు గొట్టము కూడ ఉండును. వీటిని సాధారణముగా మార్చరు.

ప్రతి జెట్టు మీద ఒక అంకె చెక్కబడి ఉండును. కొన్ని కంపెనీల లెక్కలో అది రంధ్రపు వ్యాసమును మిల్లీమీటరులో నూరవ వంతులుగా చూపును. అనగా 115 అని ఉన్నచో రంధ్రము 1.15 మి.మీ. మరికొన్ని కంపెనీలు నిర్ణీత ఒత్తిడి వద్ద నిమిషమునకు ఎంత ఇంధనము ప్రవహించునో దానినే అంకెగా ఇచ్చును. కాబట్టి ఒక కంపెనీ 115ను మరొక కంపెనీ 115తో సమానమని భావించరాదు.

అంకె వ్యాసమును సూచించునపుడు విద్యార్థులు గమనించవలసిన విషయము ఒకటి ఉన్నది. ప్రవాహము వ్యాసమును బట్టి గాక రంధ్రపు వైశాల్యమును బట్టి, అనగా వ్యాసపు వర్గమును బట్టి మారును. 100 నుండి 105కు మార్చినచో అంకె 5 శాతమే పెరిగినది గాని వైశాల్యము 10 శాతమునకు పైగా పెరుగును. ‘ఒక్క నంబరే గదా’ అని చేయు మార్పు చిన్నది కాదు.

పడవ ఇంజను ప్రత్యేకత

పెట్రోలు పూర్తిగా మండుటకు ఒక కిలో పెట్రోలుకు సుమారు 14.7 కిలోల గాలి కావలెను. దీనిని 14.7:1 అని వ్రాయుదురు. ఇంధనము ఇంతకంటె ఎక్కువైన దానిని చిక్కని మిశ్రమమనియు, తక్కువైన దానిని పలుచని మిశ్రమమనియు అనవచ్చును. మెకానిక్కుల భాషలో ఇవి రిచ్, లీన్. ఇంజను గరిష్ఠ శక్తి నిచ్చునది 14.7 వద్ద కాదు, అంతకంటె కొంత చిక్కగా, సుమారు 12.5:1 నుండి 13:1 మధ్య. పూర్తి థ్రాటిల్ వద్ద మెయిన్ జెట్టును తయారీదారు ఈ ప్రాంతములోనే ఉంచును. ఇందులో అదనపు ఇంధనము వృథా కాదు. అది ఆవిరియగునపుడు సిలిండరు లోపలి వేడిని కొంత గ్రహించి పిస్టనును కాపాడును.

కారు లేక మోటారు సైకిలు రోడ్డు మీద పోవునపుడు ఇంజను తన పూర్తి శక్తిలో చిన్న భాగమునే వాడును. పల్లములో దానికి విశ్రాంతియు దొరకును. పడవకు పల్లము లేదు. నీటి ప్రతిఘటన ఎడతెగనిది. స్థూలముగా ప్రొపెల్లరు గ్రహించు శక్తి దాని వేగపు ఘనమును బట్టి పెరుగును. పూర్తి వేగములో 80 శాతముతో తిరుగు ప్రొపెల్లరు సుమారు 51 శాతము శక్తిని తీసుకొనును, 90 శాతముతో తిరుగునది 73 శాతమును తీసుకొనును. వేటకు పోవు పడవ గంటల తరబడి ఇట్లే నడచును. అందుచేత రోడ్డు బండి సహించగల పలుచదనమును పడవ ఇంజను సహించలేదు.

రెండు స్ట్రోకుల ఇంజన్లలో మరొక ఇబ్బంది కలదు. చాలా నమూనాలలో వీటికి నూనె వేరుగా అందదు, పెట్రోలులోనే కలిపి పోయుదురు. అనేక అవుట్‌బోర్డులకు 50 పాళ్ళ పెట్రోలుకు 1 పాలు నూనె చెప్పబడినది. ఇట్టి ఇంజనులో జెట్టు సన్నబడినచో చల్లదనము నిచ్చు ఇంధనముతో పాటు కందెన నూనె కూడ తగ్గును. వేడి పెరిగి పిస్టను వ్యాకోచించును. అదే సమయమున దాని గోడల మీది నూనె పొర పలుచబడును. అప్పుడు పిస్టను సిలిండరును ఒరసికొని బిగిసిపోవును.

ఇక్కడ ఒక భ్రమ సాధారణము. మిశ్రమము కొద్దిగా పలుచబడినపుడు ఇంజను చప్పుడు శుభ్రముగా, పొగ తక్కువగా, స్పందన చురుకుగా కనిపించవచ్చును. దీనిని చూచి సర్దుబాటు కుదిరినదని నమ్ముదురు. నిజమునకు మిశ్రమము మరీ పలుచనైనచో శక్తి పడిపోయి ఇంజను ఆగును, ఆ విధముగా తనను తాను కాపాడుకొనును. ప్రమాదమంతయు చిక్కదనమునకును ఆ ఆగిపోవు స్థితికిని మధ్యనున్న ‘బాగా నడచుచున్న’ స్థితిలో ఉన్నది.

పలు సిలిండర్లు గల మోటార్లలో ఒక్కొక్క సిలిండరుకు ఒక్కొక్క కార్బ్యురేటరు ఉండుట కద్దు. మూడింటిలో ఒకదాని జెట్టు సగము పూడినచో ఆ సిలిండరు ఒక్కటే పలుచని మిశ్రమముతో వేడెక్కును. మిగిలిన రెండు దానిని లాగుకొని పోవుటచే పడవ నడిపేవారికి వేగములో కొద్దిపాటి తగ్గుదల తప్ప మరేమియు తెలియదు. ఇట్టి మోటార్లను విప్పునపుడు ఏ జెట్టు ఏ సిలిండరుదో గుర్తు పెట్టుకొనవలెను. కొన్ని నమూనాలలో తయారీదారులే వేర్వేరు సిలిండర్లకు వేర్వేరు అంకెల జెట్లు అమర్చిరి.

లక్షణములు

పలుచని మిశ్రమము: థ్రాటిల్ హఠాత్తుగా తెరచినపుడు ఇంజను తడబడును. స్లో రన్నింగులో కార్బ్యురేటరు మూతి నుండి ‘ఫట్’ మని తుమ్మినట్లు చప్పుడు వచ్చును. పూర్తి వేగములో కొంతసేపు నడచి, తరువాత శక్తి నెమ్మదిగా తగ్గును. స్పార్కు ప్లగ్గు కొన తెల్లగా, కాలిన సున్నము వలె కనిపించును.

చిక్కని మిశ్రమము: పొగ ఎక్కువ. ప్లగ్గు నల్లగా, మసితో లేదా తడిగా ఉండును. స్లో రన్నింగులో కొంతసేపటికి ఇంజను ఉక్కిరిబిక్కిరియై ఆగును. రెండు స్ట్రోకుల ఇంజను కొన్ని చుట్లకు ఒకసారి మంట తప్పుచు ‘బుడబుడ’ మని తిరుగును. ఇది ఇంధనమును వృథా చేయునే గాని పిస్టనును వెంటనే చెరుపదు.

సరియైన మిశ్రమముతో నడచిన ప్లగ్గు లేత గోధుమ లేక ఇటుక రంగులో ఉండును. అయితే రంగును చదువుటకు ఒక పద్ధతి ఉన్నది. పడవను పూర్తి వేగములో కొంతసేపు నడిపి, స్లో రన్నింగుకు తేకుండ అక్కడికక్కడ ఇంజనును ఆపి ప్లగ్గు తీయవలెను. ఒడ్డు వరకు నెమ్మదిగా వచ్చి తీసినచో కనిపించు రంగు పైలట్ జెట్టుదే గాని మెయిన్ జెట్టుది కాదు. సీసము లేని నేటి పెట్రోలుతో రంగు పూర్వమంత స్పష్టముగా రాదు కనుక ఒక్క ప్లగ్గును చూచి తీర్పు చెప్పరాదు.

అనుమానము తీర్చుకొనుటకు తేలికైన ఉపాయము చోకు. ఇంజను తడబడుచున్నపుడు చోకును క్షణకాలము కొద్దిగా మూయవలెను. ఇంజను కోలుకొన్నచో దానికి ఇంధనము చాలుట లేదని అర్థము. మరింత మందగించినచో మిశ్రమము ఇదివరకే చిక్కగా ఉన్నదన్నమాట.

జెట్టు మార్చుటకు ముందు

నిన్నటి వరకు బాగుగా నడచిన ఇంజను నేడు పలుచని లక్షణములు చూపినచో జెట్టు అంకె తప్పని అనుకొనుట తర్కమునకు నిలువదు. ఇత్తడి రంధ్రము దానంతట అది చిన్నది కాదు. ఏదియో దానిని మూసియుండవలెను, లేదా ఇంధనమైనా తక్కువగా వచ్చుచుండవలెను, లేదా అదనపు గాలి ఎక్కడినుండియో దూరుచుండవలెను. కావున వరుసగా చూడవలసినవి: ట్యాంకు మూత మీది గాలి మర తెరచియున్నదా, గొట్టములోని చేతి పంపు బుడ్డి గట్టిపడుచున్నదా, వడపోతలో నీరు చేరెనా, ఇంధన పంపు పొర చిరిగెనా, కార్బ్యురేటరుకు ఇంజనుకు మధ్యనున్న గాస్కెట్టు గాలి పీల్చుచున్నదా, ఫ్లోటు మట్టము సరిగా ఉన్నదా. గాలి మర మూసియుండుట అన్నింటికంటె సామాన్యమైన కారణములలో ఒకటి. పడవ కొంతదూరము చక్కగా పోయి ఆగును, కొంతసేపటికి మరల అంటుకొనును.

ఇవి సరిగా ఉన్నచో కార్బ్యురేటరును విప్పి శుభ్రపరచవలెను. నెలల తరబడి నిలువయున్న పెట్రోలు ఆవిరియై వార్నిషు వంటి జిగురును మిగుల్చును. పైలట్ జెట్టు రంధ్రము అతి సన్నము గనుక ముందుగా పూడునది అదే. ఉప్పు గాలికి గిన్నెలో చేరిన తేమ తెల్లని పొడిగా మారి అడ్డుపడును. శుభ్రమునకు కార్బ్యురేటరు క్లీనరు ద్రవము, తరువాత పైపుతో ఊదిన గాలి చాలును.

తీగతో పొడుచుట మాత్రము కూడదు. పంపు స్టవ్వు నిపిలును పిన్నుతో పొడిచి మంటను సరిచేసిన అలవాటు మన ఇండ్లలో చాలామందికి ఉన్నది. ఆ పిన్ను ఆ రంధ్రమునకే కొలిచి చేసినది. జెట్టుకు అట్టి పిన్ను లేదు. ఉక్కు తీగ మెత్తని ఇత్తడిని గీసి రంధ్రమును పెద్దది చేయును లేదా అంచును వంకర చేయును. ఆ తరువాత మీది అంకెకు అర్థము ఉండదు. 1.00 మి.మీ. రంధ్రము 0.05 మి.మీ. అరిగినచో, పైన చెప్పినట్లు, ప్రవాహము పది శాతము మారును. ఇట్లు పాడైన జెట్టును పారవేసి కొత్తది వేయుటయే మార్గము. తీయునపుడు కూడ గాడికి సరిపోవు వెడల్పు గల స్క్రూడ్రైవరునే వాడవలెను.

స్లో రన్నింగ్ సర్దుబాటు

వాడుకరి చేతితో చేయదగిన సర్దుబాటు ఇదే. పైలట్ మార్గమునకు ఒక స్ప్రింగు గల మర ఉండును. మొదట అది ఏ జాతి మరయో తెలిసికొనవలెను. థ్రాటిల్ రేకుకును ఇంజనుకును మధ్యనున్న మర సాధారణముగా మిశ్రమమును నియంత్రించును. దానిని లోనికి బిగించినచో మిశ్రమము పలుచబడును. గాలి వచ్చు వైపు, థ్రాటిల్‌కు ముందున్న మర సాధారణముగా గాలిని నియంత్రించును. దానిని బిగించినచో గాలి తగ్గి మిశ్రమము చిక్కబడును. మోటారు సైకిళ్ళ మెకానిక్కులు ‘ఎయిర్ స్క్రూ’ అని రెండింటిని ఒకే పేరుతో పిలుచుట వలన పడవ మోటార్లు తలక్రిందులుగా సర్దబడు సందర్భములు కలుగును.

మిశ్రమ మర విషయములో పద్ధతి ఇది. మరను వ్రేళ్ళ బలముతో మెల్లగా చివరివరకు బిగించవలెను. గట్టిగా బిగించినచో దాని సూది మొనకు గాడి పడును. తరువాత తయారీదారు పుస్తకములో చెప్పినన్ని చుట్లు వెనుకకు విప్పవలెను. అనేక నమూనాలలో ఇది ఒకటి నుండి రెండు చుట్ల మధ్య ఉండును. పడవను నీటిలోనే ఉంచి, తాళ్ళతో గట్టిగా కట్టి, ఇంజనును వేడెక్కనిచ్చి, గేరులో వేసి స్లో రన్నింగులో ఉంచవలెను. ఒడ్డున బకెట్టు నీటితో చేయు సర్దుబాటు నీటి భారము లేనందున చెల్లదు. ఇప్పుడు మరను చుట్టులో ఎనిమిదవ వంతు చొప్పున బిగించుచు, ప్రతిసారి పది పదిహేను క్షణములు వేచి చూడవలెను. ఇంజను తడబడి తుమ్మిన చోట ఆగి, అక్కడి నుండి పావు చుట్టు వెనుకకు విప్పవలెను. థ్రాటిల్‌ను చటుక్కున తెరచినపుడు తడబడక అందుకొన్నచో పని అయినట్లే. తడబడినచో ఇంకొక ఎనిమిదవ వంతు విప్పవలెను.

పలు కార్బ్యురేటర్లు ఉన్నచో వాటి థ్రాటిల్ రేకులన్నియు ఒకేసారి తెరచుకొనుచున్నవా అనునది ముందుగా చూడవలెను. ఆ కడ్డీల అమరిక తప్పినచో ఏ మర త్రిప్పినను ఫలితముండదు.

మెయిన్ జెట్టు ఎంపిక

మెయిన్ జెట్టును మూడు కారణములకే మార్చుదురు: ఎత్తు, ఇంధనము, తయారీదారు స్వయముగా సూచించిన సవరణ. వేగము పెంచుటకు మార్చుట పందెపు పడవలకు చెందిన విషయము.

మార్చినపుడు ఒక్కసారి ఒక్క మెట్టు మాత్రమే మార్చి, ఎల్లప్పుడు చిక్కని వైపు నుండి పలుచని వైపునకు రావలెను. మార్పునకు ముందు, తరువాత ఒకే బరువుతో, ఒకే చోట, పూర్తి థ్రాటిల్ వద్ద ఇంజను నిమిషమునకు ఎన్ని చుట్లు తిరుగుచున్నదో టాకోమీటరుతో చూడవలెను. తయారీదారు ఇచ్చిన హద్దులలో, ఉదాహరణకు 5,000 నుండి 6,000 అని ఉన్నచో, ఆ మధ్యలో ఉండవలెను. తక్కువగా ఉన్నచో దోషము జెట్టుది కాక ప్రొపెల్లరుది కావచ్చును. ప్రొపెల్లరు ఒక చుట్టులో ముందుకు సాగు దూరము ఎక్కువైనచో ఎంత మంచి మిశ్రమమైనను ఇంజను తిరుగలేదు. ఈ పరీక్షలు తీరమునకు దగ్గరలో, తెడ్లు, లైఫ్ జాకెట్లు దగ్గర ఉంచుకొని చేయవలెను.

ఎత్తు ప్రభావము

సముద్రమట్టము నుండి పైకి పోవుకొలది గాలి పలుచబడును. కార్బ్యురేటరు గాలి ఘనపరిమాణమును గుర్తించునే గాని దాని బరువును సరిగా గుర్తించలేదు. గాలి సాంద్రత తగ్గినపుడు లోనికి పోవు గాలి ద్రవ్యరాశి అదే నిష్పత్తిలో తగ్గును. ఇంధనమును లాగు ఒత్తిడి తేడా కూడ తగ్గును గాని, ఇంధన ప్రవాహము ఆ ఒత్తిడి వర్గమూలమును బట్టి మారుటచే అంతగా తగ్గదు. ఫలితముగా మిశ్రమము చిక్కబడును. ఎంత చిక్కబడుననగా, సాంద్రతల నిష్పత్తి వర్గమూలమునకు విలోమముగా.

విశాఖపట్టణములో 120 అంకె జెట్టుతో (అంకె వ్యాసమును చూపునదని అనుకొందము) చక్కగా నడచు ఇంజనును శ్రీనగరులోని దాల్ సరస్సునకు తీసికొని పోయినామనుకొందము. ఆ సరస్సు సుమారు 1,580 మీటర్ల ఎత్తున ఉన్నది. ప్రామాణిక వాతావరణపు లెక్కలో అచ్చటి గాలి సాంద్రత సముద్రమట్టములో దాదాపు 0.857 వంతు. దీని వర్గమూలము 0.926. అనగా మిశ్రమము సుమారు 8 శాతము చిక్కబడును. జెట్టు వైశాల్యము 0.926 వంతు కావలెను, కనుక వ్యాసము దాని వర్గమూలమైన 0.962 వంతు కావలెను. 120ని దీనితో గుణించగా 115.5 వచ్చును. కాబట్టి 115 జెట్టు దగ్గరి విలువ. సమీప అంకెలలో చిక్కనిది దొరికినచో దానినే ఎంచుకొనుట క్షేమము.

దక్షిణ అమెరికాలోని టిటికాకా సరస్సు సుమారు 3,810 మీటర్ల ఎత్తున ఉన్నది. అచ్చట సాంద్రత 0.68 వంతు. ఇదే లెక్కతో మిశ్రమము 21 శాతము చిక్కబడును, 120కి బదులు 110 ప్రాంతపు జెట్టు కావలెను. నాగార్జునసాగర్ జలాశయపు పూర్తి నీటిమట్టము 590 అడుగులు, అనగా 180 మీటర్లు. ఇచ్చట తేడా ఒక శాతము లోపే గనుక జెట్టును ముట్టుకొనవలసిన పని లేదు.

జెట్టు మార్చినంత మాత్రమున పోయిన శక్తి తిరిగి రాదు. దాల్ సరస్సు మీద గాలియే 14 శాతము తక్కువ. అందుకు తగినట్లు ప్రొపెల్లరును కూడ మార్చుదురు. ఇక్కడ మరచిపోరాని సంగతి తిరుగు ప్రయాణము. ఎత్తున అమర్చిన సన్న జెట్టుతో అదే ఇంజనును సముద్రమట్టమునకు తెచ్చి పూర్తి వేగముతో నడిపినచో అది ప్రమాదకరమగు పలుచని మిశ్రమము. తీసిన పాత జెట్లను గుర్తు వ్రాసిన పొట్లములో ఇంజనుతో పాటే ఉంచుట మంచిది.

ఇంధనము ప్రభావము

ఎథనాలు పూర్తిగా మండుటకు కిలోకు సుమారు 9 కిలోల గాలియే చాలును. 20 శాతము ఎథనాలు కలిసిన పెట్రోలుకు సరియైన నిష్పత్తి దాదాపు 13.5:1. శుద్ధ పెట్రోలుకు అమర్చిన జెట్టుతో దీనిని వాడినచో మిశ్రమము సుమారు 8 శాతము పలుచబడును. దాల్ సరస్సు విషయములో చూచిన తేడా ఎంతయో ఇదియు అంతే, కాని దిశ వ్యతిరేకము. భారతదేశములో 20 శాతము మిశ్రమము 2023లో కొన్ని బంకులలో మొదలై 2025 నాటికి దేశమంతట వ్యాపించినది. పాత రెండు స్ట్రోకుల అవుట్‌బోర్డు కలవారు తమ నమూనాకు తయారీదారు అనుమతించిన ఎథనాలు శాతమును చూచుకొనవలెను.

ఎథనాలునకు తేమను పీల్చు గుణము కూడ కలదు. పడవ ట్యాంకులో తేమకు కొరత లేదు. నీరు ఒక హద్దు దాటినచో ఎథనాలు, నీరు కలిసి వేరు పొరగా ట్యాంకు అడుగునకు దిగును. ఇంధన గొట్టము పీల్చునది అడుగు నుండియే. ఇది జెట్టుతో నయమయ్యే జబ్బు కాదు. ట్యాంకును ఖాళీ చేయవలసినదే.

కేరళ తీరమున 1980వ దశకము నుండి మత్స్యకారులు కిరోసిను అవుట్‌బోర్డు మోటార్లను విస్తారముగా వాడిరి. వీటిని పెట్రోలుతో అంటించి, వేడెక్కిన పిదప కిరోసినుకు మార్చుదురు. ఆపుటకు ముందు మరల పెట్రోలుకు మార్చి గిన్నెలోని కిరోసినును ఖర్చు చేయుదురు, లేనిచో మరునాడు చల్లని ఇంజను అంటుకొనదు. కిరోసిను ఆక్టేను విలువ తక్కువ. త్వరగా దానంతట అది మండి ‘నాకింగ్’ అను సుత్తి దెబ్బల చప్పుడు కలిగించును. మిశ్రమము పలుచబడినకొలది ఈ దోషము పెరుగును. కిరోసిను నమూనాల సంపీడన నిష్పత్తి, జెట్లు అందుకు తగినట్లు వేరుగా ఉండును గనుక పెట్రోలు నమూనా జెట్లను వీటికి వేయరాదు.

కోస్తాంధ్రలో మత్స్యకారుల పడవలలో కనిపించు పొడవాటి కడ్డీ గల లాంగ్‌టెయిల్ యంత్రములు డీజిలువి. డీజిలు ఇంజనులో కార్బ్యురేటరు లేదు, ఇంధనము నేరుగా సిలిండరులోనికి చిమ్మబడును. కనుక ఈ వ్యాసములోని సర్దుబాట్లు వాటికి వర్తించవు.

పడవ లోపలి ఇంజన్లు

పెట్రోలు ఇంజను పడవ కడుపులో ఉన్నపుడు జెట్ల కంటె ముఖ్యమైన సంగతి మరొకటి ఉన్నది. పెట్రోలు ఆవిరి గాలి కంటె బరువైనది. పొంగిన ఇంధనము పడవ అడుగున నిలచి ఒక్క నిప్పురవ్వతో పేలగలదు. అందుచేత కారు కార్బ్యురేటరు చూపునకు ఒకేలా ఉన్నను దానిని పడవకు బిగించరాదు. పడవలకు చేసినదానిలో పొంగిన పెట్రోలు బయటకు కారక ఇంజనులోనికే పోవునట్లు ఏర్పాటు ఉండును. గాలి మార్గము మూతికి మంటను వెనుకకు రానీయని జాలీ కూడ ఉండవలెను. సర్దుబాటు పేరుతో ఆ జాలీని తీసి ఇంజను నడుపుట ప్రాణాపాయము.

చరిత్ర

ఫ్లోటు గిన్నె, జెట్టు గల తుంపర కార్బ్యురేటరు 1893 నాటిది. జర్మనీలో విల్హెల్మ్ మేబాక్, హంగేరీలో దోనాత్ బాంకి, యానోష్ చోంకా ఆ సంవత్సరముననే దీనికి పేటెంట్లు పొందిరి. అమెరికాలో ఓలె ఎవిన్‌రూడ్ 1909లో అవుట్‌బోర్డు మోటార్లను అమ్ముట ఆరంభించెను. 1950వ దశకపు పలు జాన్సన్, ఎవిన్‌రూడ్ మోటార్లలో ముందు వైపున రెండు మరలు ఉండి, నడిపేవాడే అధిక వేగ మిశ్రమమును కూడ త్రిప్పుకొనుటకు వీలుండెడిది. తరువాతి నమూనాలలో అధిక వేగమునకు స్థిరమైన జెట్టు వచ్చినది. వాడుకరి స్వేచ్ఛ తగ్గినను, తెలియక పలుచన చేసి పిస్టన్లు కాల్చుకొనుట కూడ తగ్గునట్లు చేసిన మార్పు ఇది.

అమెరికా పర్యావరణ సంస్థ 1996లో పడవ ఇంజన్ల పొగపై నియమములు ప్రకటించిన పిదప కార్బ్యురేటరుతో నడచు రెండు స్ట్రోకుల మోటార్లు అక్కడ క్రమముగా తగ్గినవి. వాటి స్థానమున నాలుగు స్ట్రోకుల మోటార్లు, ఇంధనమును చిమ్ము పద్ధతి గల మోటార్లు వచ్చినవి. ఎవిన్‌రూడ్ మోటార్ల ఉత్పత్తి 2020లో నిలిచిపోయినది. చిమ్ము పద్ధతిలో గాలి ఒత్తిడిని, ఉష్ణోగ్రతను సెన్సార్లు కొలుచును గనుక ఎత్తు మారినపుడు జెట్టు మార్చు పని లేదు. తక్కువ అశ్వశక్తి గల మోటార్లలోను, పాత మోటార్లు నడచుచున్న తీరములలోను కార్బ్యురేటరు ఇంకను వాడుకలో ఉన్నది. కొత్త నమూనాలలో కొన్నింటికి స్లో రన్నింగ్ మర మీద ముద్ర వేసిన మూత ఉండును. దానిని తెరచుట తయారీదారు అనుమతించిన వర్కుషాపు పని.

ఇవి కూడా చూడండి

కార్బ్యురేటరు
రెండు స్ట్రోకుల ఇంజను
బెర్నూలీ సూత్రము
ప్రొపెల్లరు